పరదేశిగానే కన్నుమూసిన భీమవరం డాక్టరు

భీమవరం: గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బోదకాలు నివారణకు ఊరూరా మింగించిన డి.ఇ.సి. మాత్రలు తెలియని పల్లె మన జిల్లాలో లేదు. ఈ రెండు మందుల వెనుకా భీమవరంలో పుట్టిన ఒక తెలుగు డాక్టరు కృషి ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందులు తయారైన అమెరికా దేశంలో ఆయన సుమారు పాతికేళ్లు నివసించారు. అయినా ఆ దేశ పౌరుడు కాకుండానే, పరదేశిగానే కన్నుమూశారు. నేడు మన పల్లెల నుంచి ఎందరో యువకులు చదువు ద్వారానో, ఉద్యోగం ద్వారానో, బంధువుల ద్వారానో అమెరికాలో స్థిర నివాసం కోసం ప్రయత్నిస్తున్నారు. ఆయన రోజుల్లో ఈ మూడు దారులూ భారతీయుడికి ఎలా మూసుకుపోయి ఉండేవో తెలుసుకోవడం అవసరం.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలున్న కుటుంబం కావడంతో ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఇల్లు వదిలి బయలుదేరారు. పెద్దలు వెనక్కు తీసుకువచ్చి మళ్లీ బడిలో వేశారు. రాజమండ్రిలో చదివి, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ పూర్తిచేసి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది తెల్ల ప్రొఫెసరుకు కంటగింపు అయింది. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా కాక, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే సంగ్రహణి జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు. మందు లేని రోగాలకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో అప్పుడే నాటుకుంది.

1919లో శేషగిరితో వివాహమైంది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. కాకినాడ మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా డబ్బు సమకూర్చారు. అలా 1920 తర్వాత కొద్ది సంవత్సరాలకే ఆయన ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. చదువు ముగించుకుని తిరిగి వస్తారని ఇంటివారు ఎదురుచూశారు. ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు.

మూడు దారులూ మూసివేత

ఆయన అడుగుపెట్టే నాటికే భారతీయులకు అమెరికా తలుపులు దాదాపు మూసుకుపోయాయి. 1917లో చేసిన చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. అందులో మన దేశమూ ఉంది. విద్యార్థులు, వైద్యులు, వ్యాపారులు వంటి కొందరికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అయితే ఆ మినహాయింపు దేశంలోకి రావడానికే. పౌరసత్వానికి కాదు.

పౌరసత్వం సంగతి 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. పంజాబుకు చెందిన భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవారి కింద లెక్కకు రారు కనుక పౌరులు కావడానికి వీలులేదని తీర్పు చెప్పింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అదీ ఆయనకు అక్కరకు రాలేదు. అంతకుముందే పౌరులైన పలువురు భారతీయుల పత్రాలను కూడా తర్వాత రద్దు చేశారు. వారిలో ఒకరైన వైష్ణో దాస్ బగాయ్ అనే వ్యాపారి ఆ అవమానం భరించలేక 1928లో ఆత్మహత్య చేసుకున్నారు.

1924లో మరో చట్టం వచ్చింది. పౌరుడు కావడానికి అర్హత లేనివాడు ఆ దేశంలో స్థిరపడటానికి రాకూడదన్నది దాని సారాంశం. పౌరుడైనవాడు భార్యను పిలిపించుకోవచ్చు. భారతీయుడు పౌరుడే కాలేడు. కనుక ఆ దారీ లేదు. పనిలో ఎంత నేర్పు ఉన్నా లెక్కలోకి రాదు. పుట్టిన దేశమే లెక్క.

సముద్రానికి ఆవల భార్య

బోస్టన్‌లో సుబ్బారావు హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల గురించి చదివారు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో పనివాడిగా చాకిరీ చేశారు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు వద్ద పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదీ కొలిచే పద్ధతిని వీరిద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో వెలుగులోకి తెచ్చారు. మనం అడుగు వేసినా, చెయ్యి ఎత్తినా కండరానికి అందే శక్తి ఏ.టి.పి. నుంచే. 1930లో ఆయనకు డాక్టరేట్ వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఇంటి దగ్గర ఆయన వెళ్లిపోయాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి ఇక్కడ, ఆయన అక్కడ. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోనేలేదు.

లెడర్లీలో ఎనిమిదేళ్లు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ పరిశోధనలకు డైరెక్టరు అయ్యారు. సరిగ్గా అదే సంవత్సరం, దేశంలో ఉన్న పరదేశీయులంతా పేర్లు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలని అమెరికా చట్టం చేసింది. వందలమంది రోగులకు మందు వెతుకుతున్న శాస్త్రవేత్తకైనా, కూలికైనా నిబంధన ఒక్కటే.

తరువాత ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పని వైద్యచరిత్రలో నిలిచిపోయింది. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు మందు అదే. గర్భిణీలకు రక్తహీనత రాకుండా కాపాడేదీ అదే. ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు వాడారు. కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చని అప్పుడు ఆశ చిగురించింది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు.

బోదకాలుకు పనిచేసే హెట్రజాన్ కూడా అక్కడి నుంచే వచ్చింది. డి.ఇ.సి. అంటే అదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డాక్టర్ బెంజమిన్ డగ్గర్ ఆయన ఆధ్వర్యంలోనే కనుగొన్నారు.

ఏడాదికి నూరు మంది

ఇదంతా జరుగుతుండగా 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ ఒక చట్టంపై సంతకం చేశారు. భారతీయులు పౌరులు కావచ్చునన్నది ఒక అంశం. వలసకు ఏడాదికి నూరు మందిని అనుమతిస్తామన్నది రెండోది. అంత పెద్ద దేశం మొత్తానికి నూరు మంది! అయినా తలుపు తెరుచుకున్నది. పంజాబు నుంచి వెళ్లిన దలీప్ సింగ్ సౌంద్ ఈ చట్టం వల్లనే 1949లో పౌరుడయ్యారు. 1956లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

సుబ్బారావుకు మాత్రం అప్పటికి మిగిలిన ఆయుష్షు రెండేళ్లే. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసులో, పెర్ల్ రివర్‌లోని తన నివాసంలో గుండెపోటుతో మరణించారు. పౌరసత్వం తీసుకోలేదు. పక్కన భార్య లేదు, బిడ్డ లేడు.

ఆయన తర్వాత

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టంతో, పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు వేసే పాత పద్ధతి పోయింది. కుటుంబ బంధం, వృత్తి నైపుణ్యం అనే రెండు దారులు ఏర్పడ్డాయి. పౌరుడి భార్య లేక భర్త, మైనరు పిల్లలు, తల్లిదండ్రులను సంఖ్యతో నిమిత్తం లేకుండా రానిచ్చారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు వేరే వరుస పెట్టారు. డాక్టర్లు, ఇంజనీర్లు వంటి వారికి మరో వరుస. తెలుగునాట నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్లడం ఆ తర్వాతే మొదలైంది.

1990 చట్టం ఉద్యోగం మీద స్థిర నివాసం ఇచ్చే సంఖ్యను ఏడాదికి 1,40,000గా నిర్ణయించింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడు పాళ్లకు మించి ఇవ్వరాదన్న పరిమితీ ఉంది. మన దేశం నుంచి దరఖాస్తులు ఎక్కువ కావడంతో, తలుపు తెరిచే ఉన్నా వరుస మాత్రం ఏళ్ల తరబడి సాగుతోంది.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయనకు విద్య ఉంది, నేర్పు ఉంది, చేతిలో పని ఉంది. భార్యను తెచ్చుకోవడానికి ఒక కాగితం దారి మాత్రం లేదు. నేటి యువకుడికి ఆ దారి ఉంది. దాని వెనుక, ఆ దారి లేని రోజుల్లో బతికి వెళ్లిపోయినవారి కథ కూడా ఉందని గుర్తుంచుకోవాలి.