గాలి లెక్క తెలిసిన మనిషి: స్టాన్లీ హుకర్

మొదటి సంవత్సరం వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఫైలింగ్ జాబ్ ఒక్కసారి కూడా సరిగ్గా చెయ్యలేదు నేను. ట్రై స్క్వేర్ పెట్టి చూస్తే సందులోంచి వెలుగు కనపడేది. మెకానికల్ తీసుకుని తప్పు చేశానేమో అని రెండో సంవత్సరం అంతా అనుకుంటూనే ఉన్నా. ఆ రోజుల్లోనే రాత్రిళ్ళు వెయ్యి హార్స్‌పవర్ టర్బో కార్లు తయారుచేసేవాళ్ళ వీడియోలు తెగ చూసేవాణ్ణి. ప్రతి కారులోనూ ఇంజిన్ దగ్గర ఒక అల్యూమినియం డబ్బా, దానికి రెండు నీళ్ళ గొట్టాలు. అదేంటా అని వెతుక్కుంటూ వెళ్ళి స్టాన్లీ హుకర్ దగ్గర తేలాను.

ముందు ఆ డబ్బా సంగతి. ఇంజిన్‌లోకి పెట్రోలు ఎంతైనా పోయొచ్చు, దాన్ని కాల్చడానికి సరిపడా గాలిని పంపడమే కష్టం. టర్బో ఆ గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగున చెయ్యి కాలుతుంది కదా, ఇక్కడా అంతే. నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడెక్కితే పలచబడుతుంది, అంటే మనం కష్టపడి నొక్కిన లాభంలో కొంత పోయినట్టే. పైగా ఆ వేడికి సిలిండర్‌లో నాకింగ్ మొదలై పిస్టన్లు పగిలిపోతాయి. అందుకే మధ్యలో గాలిని చల్లార్చాలి. అదే ఇంటర్‌కూలర్. ముందు బంపర్ దాకా లావుపాటి గాలి గొట్టాలు తిప్పి తెచ్చే బదులు, ఇంజిన్ పక్కనే చిన్న డబ్బాలో నీళ్ళతో చల్లార్చి, ఆ వేడిని నీళ్ళ మీద ఎక్కించి దూరంగా ఉన్న రేడియేటర్‌కి పంపొచ్చు. ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి పట్టే వేడి, ఒక లీటరు మామూలు గాలికి పట్టేదానికి సుమారు 3,500 రెట్లు. అందుకే అంత చిన్న డబ్బా సరిపోతుంది. కొద్ది సెకన్లే పరుగెత్తే డ్రాగ్ కార్లలో అయితే ఆ నీళ్ళలో ఐస్ కూడా వేస్తారు.

ఈ పద్ధతిని హుకర్ కనిపెట్టలేదు. కానీ దీన్ని ఒక ఇంజిన్‌లో ఇమిడ్చి ఏకంగా ఒక యుద్ధం తీరునే మార్చినవాళ్ళలో ముఖ్యుడు ఆయన. అన్నిటికన్నా నాకు నచ్చిన విషయం, ఆయన మెకానికల్ చదవలేదు.

హుకర్ 1907 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో, షీర్‌నెస్ అనే ఊళ్ళో పుట్టాడు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో చదివింది లెక్కలు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ద్రవాలు, వాయువుల ప్రవాహం మీద పని చేసి 1935లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. కొంతకాలం నౌకాదళ పరిశోధన విభాగంలో పనిచేసి, 1938 జనవరిలో డెర్బీలోని రోల్స్ రాయిస్‌లో చేరాడు.

అక్కడ పెద్దాయన ఎర్నెస్ట్ హైవ్స్. హైవ్స్ చేతుల్లో గ్రీజుతో పైకొచ్చినవాడు. 1911లో సిల్వర్ ఘోస్ట్ కారుని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 100 మైళ్ళు దాటించిన డ్రైవర్ కూడా. అలాంటాయన ఎదుట ఈ లెక్కల కుర్రాడు కూర్చుంటే, ఇతను ఇంజినీరుగా పెద్దగా పనికొచ్చేవాడిలా లేడని మొహం మీదే అనేశాడు. అయినా ఉద్యోగం మాత్రం ఇచ్చాడు. హుకర్ ఆ మాటని మర్చిపోలేదు. దాన్నే చివర్లో తన ఆత్మకథకి పేరుగా పెట్టుకున్నాడు: 'నాట్ మచ్ ఆఫ్ యాన్ ఇంజినీర్'.

చేరిన కొత్తలో ఆయనకి ఫలానా పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీ అంతా తిరిగాడు. అలా తిరుగుతుండగా మెర్లిన్ ఇంజిన్ సూపర్‌చార్జర్ మీద చేసిన టెస్టుల కాగితాలు చేతికొచ్చాయి. టర్బోని ఎగ్జాస్ట్ తిప్పితే, సూపర్‌చార్జర్‌ని క్రాంక్‌షాఫ్ట్ గేర్లు తిప్పుతాయి. గాలిని నొక్కే పని మాత్రం ఒకటే. హుకర్ ఆ కొలతల్ని తనకి తెలిసిన ప్రవాహ సిద్ధాంతంలో పెట్టి చూశాడు. సూపర్‌చార్జర్ ఇవ్వగలిగినంత ఇవ్వడం లేదని తేలింది. ముఖ్యంగా గాలి లోపలికొచ్చే దారిలో ఉన్న వంపు, ఇంపెల్లర్‌కి చేరకముందే గాలి గొంతు నొక్కేస్తోంది. ఆ లెక్క పైవాళ్ళకి చూపిస్తే కోప్పడలేదు. సూపర్‌చార్జర్ పనే ఆయనకి అప్పజెప్పారు. సరిదిద్దిన దారితో వచ్చిన మెర్లిన్ 20, 45 రకాలు ఎత్తులో స్పష్టంగా ఎక్కువ బలం ఇచ్చాయి. ఇంజిన్ సైజు మాత్రం మారలేదు, అదే 27 లీటర్లు.

తర్వాత వచ్చిందే అసలు సమస్య. బాగా ఎత్తుకి వెళ్ళాలంటే ఒక ఇంపెల్లర్ చాలదు, రెండు వరసగా పెట్టాలి. అప్పుడు గాలి ఎంత వేడెక్కుతుందో మన థెర్మో సూత్రంతో నేనే వేసి చూశాను. 30,000 అడుగుల ఎత్తులో గాలి సుమారు మైనస్ 44 డిగ్రీలు. దాన్ని 6 రెట్లు నొక్కుతున్నాం, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి దాదాపు 175 డిగ్రీలు! గడ్డకట్టే చలిలోంచి తీసుకున్న గాలి నీళ్ళు మరిగే వేడిని కూడా దాటేసిందన్నమాట. దాన్ని ఒక 100 డిగ్రీలు తగ్గించగలిగితే అదే పీడనంలో గాలి 28 శాతం దాకా చిక్కబడుతుంది. ఇవి నేను అనుకుని వేసిన అంకెలే, కానీ ఇంటర్‌కూలర్ ఎందుకు తప్పదో చెప్పడానికి చాలు.

ముక్కు దగ్గర అంగుళం చోటు లేని యుద్ధవిమానంలో దీన్ని ఎక్కడ పెట్టాలి? రోల్స్ రాయిస్ బృందం రెండు ఇంపెల్లర్ల మధ్య కేసింగ్‌లోనే నీళ్ళ దారులు పోతపోసింది. రెండోది దాటాక సిలిండర్లకి వెనకాల ఒక కూలర్ డబ్బా పెట్టింది. నీళ్ళు, గ్లైకాల్ కలిపిన ద్రవం వీటిల్లో తిరుగుతుంది. ఇంజిన్‌ని చల్లార్చే నీళ్ళతో సంబంధం లేకుండా దీనికి వేరే పంపు, వేరే రేడియేటర్. ఇవాళ కార్లలో కడుతున్న అమరిక కూడా ఇదే.

ఈ మెర్లిన్ 60 వరసని మొదట ఎత్తులో ఎగిరే వెల్లింగ్టన్ బాంబర్ కోసం అనుకున్నారు. స్పిట్‌ఫైర్‌లో పెడితే ఎలా ఉంటుందని అడిగింది హైవ్సే. 1941లో జర్మన్ల ఫోకె-వుల్ఫ్ 190 వచ్చి అప్పటి స్పిట్‌ఫైర్లని చిత్తుచేస్తున్న సమయం అది. ఇంజిన్ పొడవు దాదాపు 9 అంగుళాలు పెరిగినా, ముక్కు సాగదీసి ఎలాగోలా ఇరికించారు. 1942 జులైలో స్పిట్‌ఫైర్ 9 స్క్వాడ్రన్లకి చేరి మళ్ళీ సమానంగా నిలబడింది. అదే రకం ఇంజిన్‌ని అమెరికాలో ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ తయారుచేస్తే, దాన్ని పెట్టుకున్న మస్టాంగ్‌లు 1944లో బాంబర్లకి తోడుగా బెర్లిన్ దాకా వెళ్ళాయి. యుద్ధం మొదట్లో 1,000 హార్స్‌పవర్ ఉన్న మెర్లిన్, చివరి రకాల్లో 2,000 దాటింది. మంచి పెట్రోలు, గట్టిపరిచిన భాగాలు కూడా అందుకు కారణమే, అంతా హుకర్ ఒక్కడి ఖాతాలో వెయ్యకూడదు.

1940లో ఆయన ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజిన్ చూశాడు. లోపల ఉన్నది తనకి బాగా తెలిసిన గాలి నొక్కే చక్రమే. హైవ్స్‌ని తీసుకెళ్ళి చూపించాడు. ఆ తర్వాత రోవర్ కంపెనీ తన దగ్గరున్న జెట్ పనిని రోల్స్ రాయిస్‌కి ఇచ్చి, బదులుగా ట్యాంకు ఇంజిన్ పని తీసుకుంది. 1943లో ఆ జెట్ పని హుకర్ చేతికొచ్చింది. డెర్వెంట్, నీన్ ఇంజిన్లు అక్కడివే.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విజయగాథ అయిపోతుంది. కానీ తర్వాతి ఇంజిన్ ఏవన్ కంప్రెసర్ ఎంతకీ దారికి రాలేదు. ఆ పనిని హైవ్స్ ఆయన దగ్గర్నుంచి తీసేశాడు. మాటామాటా పెరిగింది. 1949లో హుకర్ రోల్స్ రాయిస్ వదిలి బ్రిస్టల్ కంపెనీకి వెళ్ళిపోయాడు. అక్కడ ప్రోటియస్ ఇంజిన్ మంచు చేరితే ఆరిపోయేది. దాంతోనూ ఏళ్ళు తిప్పలు పడ్డాడు. కానీ కాంకార్డ్‌కి దారితీసిన ఒలింపస్, హ్యారియర్‌ని నిట్టనిలువుగా లేపిన పెగాసస్ అక్కడే పెరిగాయి. మనకి దగ్గర సంగతి ఇంకోటుంది. అదే బ్రిస్టల్‌లో పుట్టిన ఆర్ఫియస్ ఇంజిన్‌ని బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారుచేశారు. మన నాట్, మన మారుత్ ఎగిరింది దానితోనే.

1971 ఫిబ్రవరిలో ఆర్‌బి211 ఇంజిన్ ఖర్చులు మోయలేక రోల్స్ రాయిస్ దివాలా తీసింది. అప్పటికి హుకర్‌కి 63 ఏళ్ళు, రిటైరైన మనిషి. ఒకప్పుడు కోపంతో వదిలేసిన కంపెనీకే తిరిగొచ్చి, తనలాగే రిటైరైన పాత సహచరుల్ని కొందరిని వెంటపెట్టుకుని ఆ ఇంజిన్‌ని దారిలో పెట్టాడు. 1972లో అది ప్రయాణికులతో ఎగిరింది. 1974లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. 1984 మే 24న కన్నుమూశాడు.

మొన్న మా సీనియర్ అన్నవాళ్ళు టీమ్ కారుకి చిన్న టర్బో పెడదామని మాట్లాడుకుంటుంటే, ఇంటర్‌కూలర్ లెక్క ఒక కాగితం మీద వేసి తీసుకెళ్ళాను. అన్న చూసి, ఎఫిషియెన్సీ 70 శాతం అని ఎలా అనుకున్నావురా, మన టర్బోకి కొలిచావా అని అడిగాడు. కొలవలేదు. హుకర్ ముందున్నది ఎవరో కష్టపడి కొలిచిన కాగితాలు, నా ముందున్నది నా ఊహ. ఈ శనివారం గేజులు బిగించడానికి వర్క్‌షాప్‌కి వెళ్తున్నా.