పొద్దుటి మసకను గుర్తించిన వైద్యుడు

రెండేళ్ల క్రితం మా ఇంటావిడకు శుక్లం ముదిరిందని మనుబోలు నుంచి నెల్లూరు తీసుకెళ్లాను. పరీక్షించిన డాక్టరుగారు శుక్లంతో పాటు ఫుక్స్ డిస్ట్రఫీ కూడా ఉందన్నారు. ఆ ఫుక్స్ ఎవరని వాకబు చేసి, తెలిసింది రాస్తున్నాను.

ఎర్నెస్ట్ ఫుక్స్ 1851లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. 1881లో బెల్జియంలోని లీజ్‌లో నేత్రవైద్య ఆచార్యులయ్యారు. 1885లో వియన్నాకు తిరిగివచ్చి, 1915లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే బోధించారు. 1889లో వెలువడిన ఆయన పాఠ్యగ్రంథం అనేక భాషల్లోకి వెళ్లి, దేశదేశాల కంటి వైద్యులకు గురువైంది.

1910లో ఆయన పదముగ్గురు రోగుల వివరాలు ప్రకటించారు. నిద్ర లేవగానే చూపు మసక, పొద్దెక్కేకొద్దీ తేట. మా ఇంట్లోనూ అంతే. కాఫీ వేళకు నా ముఖం మంచులో ఉన్నట్టుండేదట. పది గంటలకు తేటపడేది. కళ్లజోడుదే లోపమనుకున్నాం.

కంటి ముందున్న పారదర్శకమైన కార్నియాకు లోపలివైపు ఎండోథీలియం అనే ఒకే వరుస కణాల పొర ఉంటుంది. కార్నియాలో చేరే నీటిని తోడెయ్యడం దాని పని. పోయిన కణాలు మళ్లీ పుట్టవు. రాత్రి రెప్పలు మూసి ఉండటంతో నీరు ఆవిరి కాక, తెల్లవారేసరికి కార్నియా ఉబ్బుతుంది. ఫుక్స్ ఈ జబ్బుకు పైపొర పేరు పెట్టారు. స్లిట్ ల్యాంపు వాడుకలోకి వచ్చాక, మూలం లోపలి పొరలోనే ఉందని రూఢి అయింది. ఆయన 1930లో వియన్నాలో పరమపదించారు.

శుక్లం ఆపరేషన్ ఎంత నేర్పుగా చేసినా ఈ కణాలు కొన్ని పోతాయి. శుక్లం మరీ గట్టిపడితే నష్టం ఇంకా ఎక్కువ. అందుకే డాక్టరుగారు ముందుగా కణాలు లెక్కించి, కార్నియా మందం కొలిచారు. కణాలు చాలకపోతే దాత కంటి లోపలి పొరను అమర్చవలసి రావచ్చని కూడా చెప్పారు. కణాలకు రక్షణగా జిగురు మందు వేసి ఆపరేషన్ చేశారు. మూడు వారాలు మసకగానే ఉండి, మాకు బెంగ పుట్టించింది. ఇప్పుడు ఆమె పంచాంగం చదువుకుంటోంది. పొద్దుటి మసక కొంత మిగిలే ఉంది.

సభ్యులకు నా మనవి రెండే. పొద్దున మసకగా, మధ్యాహ్నం తేటగా కనిపిస్తుంటే ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. నేత్రదానానికి ఇంటిల్లిపాదినీ ఒప్పించండి. మేమిద్దరం అంగీకార పత్రం ఇచ్చాం.