నాచుకొమ్మ ఊపిరిని లెక్కపెట్టిన జగదీశ్ చంద్ర బోస్

సైన్సు పుస్తకంలో ఆ బొమ్మ మనలో చాలామంది వేసే ఉంటాం. గాజు బీకరు, అందులో బోర్లించిన గరాటు, గరాటు కింద నాలుగు హైడ్రిల్లా కొమ్మలు, పైన నీళ్లతో నింపిన పరీక్షనాళిక. ఎండలో పెడితే కొమ్మల్లోంచి బుడగలు బయల్దేరి నాళికలోకి చేరతాయి. అది ఆక్సిజన్ అని రాస్తే మార్కులు పడేవి. పరీక్షలయ్యాక ఆ మొక్క సంగతి మనకు పట్టేది కాదు.

ఈ హైడ్రిల్లా ఎక్కడో దొరికే వింతమొక్క కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చెరువుల్లో, కుంటల్లో ఈతకు దిగిన పిల్లల కాళ్లకు చుట్టుకునే నాచుతీగ ఇలాంటిదే. సన్నటి కాడ, కణుపు కణుపుకీ చుట్టూ నాలుగైదు చిన్న ఆకులు, వేలితో తడిమితే అంచు గరుకుగా తగులుతుంది. చేపల దుకాణాల్లో కట్టలుగా కట్టి అమ్మేవాటిలో ఇదీ ఒకటి. ముచ్చటపడి తెచ్చి గాజుతొట్టిలో వేస్తాం. వారం తిరిగేసరికి ఆకులు రాలి, కాడ కుళ్లి, నీళ్లు వాసన కొడతాయి. మొక్కలు మన ఇంట్లో బతకవులే అని ప్లాస్టిక్ మొక్క కొనేస్తాం.

ఈ నాచుకొమ్మకు ఎప్పుడు ఊపిరాడుతుంది, ఎప్పుడు ఆడదు అని ఏళ్ల తరబడి గమనించినాయన ఒకరున్నారు. ఆయన ఆచార్య జగదీశ్ చంద్ర బోస్. రేడియో తరంగాల బోసుగా, మొక్కలకు స్పందన ఉందన్న బోసుగా ఆయన అందరికీ తెలుసు. నాచుకొమ్మతో ఆయన చేసిన పని మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

జాలరి కొడుకు పక్కన కూచుని

బోస్ 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్. తండ్రి భగవాన్ చంద్ర బోస్ డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాకు కొడుకుని ఇంగ్లీషు బడికే పంపాలి. ఆయన మాత్రం ముందు మాతృభాష రావాలని పట్టుబట్టి బెంగాలీ బడిలో వేశారు. అక్కడ ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్క జాలరి కొడుకు కూచునేవారు. నీళ్లలో ఉండే జీవాల కథలు, పిట్టల కథలు వాళ్ల నోట వింటూ పిల్లవాడు పెరిగాడు. ప్రకృతి మీద తనకు ఆసక్తి అక్కడే పుట్టిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు.

తల్లి వామసుందరి నిష్ఠాపరురాలు. ఆచారాలన్నీ పాటించే మనిషి. కానీ కొడుకుతో పాటు బడి నుంచి వచ్చిన స్నేహితులందరికీ తన చేత్తోనే ఫలహారం పెట్టేది. ఎవరి కులం ఏమిటని అడిగేది కాదు. ఆ రోజుల్లో అది చిన్న విషయమా!

ఇంకో విశేషం. పిల్లవాణ్ని బడికి మోసుకెళ్లిన నౌకరు ఒకప్పటి బందిపోటు. అతనికి జైలు శిక్ష వేసింది సాక్షాత్తూ ఈ తండ్రే! విడుదలై వచ్చి బతుకుతెరువు లేదంటే ఇంట్లోనే పనిచ్చారు. ఏ జీవినీ పనికిరాదని తీసిపారేయని ఇల్లు అది.

పడవ తిప్పుకొచ్చిన ఇల్లాలు

కలకత్తాలో చదువయ్యాక 1880లో వైద్యం చదవటానికి బోస్ లండన్ వెళ్లారు. అప్పటికే తండ్రి పరిశ్రమలు పెట్టి నష్టపోయి అప్పుల్లో ఉన్నారు. తన నగలు ఉన్నాయి కదా అని తల్లి ధైర్యం చెప్పి పంపిందంటారు. అక్కడ జ్వరాలు తిరగబెట్టటంతో వైద్యం వదిలేసి, కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలు చదివి తిరిగొచ్చారు. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది.

అసలు పరీక్ష అక్కడే మొదలైంది. అదే పనికి తెల్లవాళ్లకు ఇచ్చే జీతంలో భారతీయులకు మూడింట రెండొంతులే ఇచ్చేవారు. ఈయనది తాత్కాలిక ఉద్యోగం కాబట్టి అందులోనూ సగానికి కోత పెట్టారు. బోస్ గొడవకు దిగలేదు, పాఠం మానలేదు. జీతం మాత్రం ముట్టుకోనన్నారు. ఒక నెలా రెండు నెలలా? మూడేళ్లు!

ఇంటి నిండా అప్పులు. ఈలోగా 1887లో పెళ్లి. ఇలాంటి సంసారంలోకి అడుగుపెట్టిన అమ్మాయి ఎలా ఉండాలి?

అబలా దాస్ పేరులోనే అబల. బెంగాల్లో ఆడపిల్లలకు వైద్య కళాశాలలో చోటివ్వని రోజుల్లో, 1882లో మద్రాసు వచ్చి వైద్యం చదివిన ధీర ఆమె. అప్పట్లో మన తెలుగు జిల్లాలకూ పెద్ద పట్నం మద్రాసే కదా. ఆరోగ్యం సరిగా లేక కోర్సు పూర్తి చేయలేకపోయింది. పెళ్లయ్యాక అద్దెలు తక్కువని దంపతులు కొన్నాళ్లు హుగ్లీ నది ఒడ్డున చందర్‌నగర్‌లో కాపురం పెట్టారు. పొద్దున్నే భర్తను పడవలో అవతలి ఒడ్డుకు చేర్చి, పడవ తిప్పుకుని ఇంటికొచ్చేదట ఆవిడ.

మూడేళ్ల తర్వాత కాలేజీ వాళ్లే దిగివచ్చారు. పూర్తి జీతం, పాత బాకీతో సహా చేతికొచ్చింది. ఆ డబ్బంతా తండ్రి అప్పులకే పోయింది.

ఉత్త చేతులతో యంత్రాలు

కాలేజీలో ఆయనకంటూ సరైన ప్రయోగశాల లేదు. స్థానికంగా పనివాళ్లతో పరికరాలు చేయించుకుని, 1895లో కలకత్తా టౌన్ హాల్లో జనం ముందు అద్భుతం చేసి చూపించారు. తీగ లేకుండానే కంటికి కనిపించని తరంగాలతో దూరంగా ఉన్న గంట మోగించారు, తుపాకి మందు పేల్చారు. ఆ పనితో డబ్బు చేసుకోవాలని ఆయన అనుకోలేదు.

1900 తర్వాత ఆయన దృష్టి మొక్కల మీదికి మళ్లింది. అక్కడా కష్టాలే. భౌతికశాస్త్రం మనిషికి మొక్కలతో ఏం పనని లండన్ పెద్దలు కొందరు అడ్డుపడ్డారు. 1901లో రాయల్ సొసైటీలో చదివిన పత్రం అచ్చుకాకుండా ఆగింది. ఆ గడ్డు రోజుల్లో సోదరి నివేదిత ఆయన పుస్తకాల రాతపనిలో తోడు నిలిచింది. రవీంద్రనాథ ఠాగూరు త్రిపుర మహారాజుతో చెప్పి డబ్బు సాయం చేయించారు. ఆ ఠాగూరే 1919లో మన మదనపల్లె వచ్చి, అనిబిసెంట్ స్థాపించిన కాలేజీలో బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు.

మొక్క పెరగటాన్ని 10 వేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు బోస్. తన పుట్టినరోజు నాడే, 1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. ఒకప్పుడు ఆయన పత్రాన్ని పక్కన పెట్టిన రాయల్ సొసైటీయే 1920లో ఫెలోగా ఎన్నుకుంది. మొక్కల నాడుల గురించి ఆయన చెప్పినవన్నీ శాస్త్రలోకం ఒప్పుకోలేదు. కొన్నిటి మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఒప్పుకోక తప్పనిది ఆయన కొలతల్లోని ఓపిక.

చెరువు కొమ్మ చెప్పిన రహస్యం

అరవై దాటిన వయసులో బోస్ హైడ్రిల్లా పట్టుకున్నారు. మొక్క వెలుతురులో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది. నీటిమొక్కలో అది బుడగలుగా కంటికి కనిపిస్తుంది. కాబట్టి బుడగల్ని లెక్కపెడితే మొక్క ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. కానీ కళ్లతో లెక్కపెడితే తప్పులొస్తాయి. ఒక బుడగ పెద్దది, ఇంకోటి చిన్నది. అందుకని పాదరసం చుక్కతో మూతలాంటిది అమర్చి, నిర్ణీతమైనంత వాయువు చేరినప్పుడల్లా కరెంటు కలిసి తిరిగే కాగితం మీద దానంతటదే గుర్తు పడేలా యంత్రం చేశారు. వెలుతురు తగ్గితే గుర్తుల మధ్య ఎడం పెరుగుతుంది, ఎక్కువైతే దగ్గర పడతాయి.

ఈ పరిశోధనలన్నీ 1924లో పుస్తకంగా వచ్చాయి. అందులో మన ఇళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎండాకాలం చెరువులోంచి తీసిన హైడ్రిల్లా, చలికాలం తీసిన హైడ్రిల్లా ఒకేలా పనిచేయటం లేదని ఆయన గమనించారు. ఎండాకాలం కొమ్మలో మాలిక్ ఆమ్లమనే పులుపు పదార్థం ఉంది. కార్బన్ డయాక్సైడ్ బయటి నుంచి అందకపోయినా దాన్ని వాడుకుని మొక్క బండి నడిపించుకుంటోంది.

ఎందుకలా? నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో వాయువులు తక్కువ కరుగుతాయి. పైగా చెరువంతా నాచు కమ్మితే మధ్యాహ్నానికల్లా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఖర్చయిపోతుంది. దొరికిన కొంచెాన్నీ ఆమ్లంగా దాచుకుని లోపల వాడుకోవటం నేర్చుకుంది హైడ్రిల్లా. అన్నం కొరత వచ్చే ముందు ఒరుగులు, వడియాలు పెట్టుకునే ఇల్లాలిలాగన్నమాట. బోస్ చెప్పినప్పుడు ఇదెవరూ పట్టించుకోలేదు. 1980ల్లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ఈ మొక్క వేసవి పద్ధతిని విడమరచి చూపించారు. ఆ తర్వాత బోస్ కృషిని గుర్తుచేస్తూ రాసినవారిలో మన తెలుగు శాస్త్రవేత్త ఆచార్య ఎ.ఎస్. రాఘవేంద్ర ఉన్నారు. ఆయన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేశారు. బోస్ మాట మీద పడ్డ దుమ్ము దులపటంలో పాత చిత్తూరు జిల్లాలో చదివిన చేయి కూడా ఉందన్నమాట.

చివరి రోజులు

1937 నవంబరు 23న గిరిదిలో బోస్ కన్నుమూశారు. వారం ఆగితే 79 ఏళ్లు నిండేవి. దంపతులకు సంతానం నిలవలేదు. అబలా బోస్ మాత్రం చేతులు ముడుచుకుని కూచోలేదు. 1919లోనే నారీ శిక్షా సమితి స్థాపించి ఆడపిల్లలకు బడులు, వితంతువులకు చదువూ చేతిపనీ నేర్పే ఏర్పాట్లు చేసిందామె. 1951లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. తాను పూర్తి చేయలేకపోయిన చదువు వేలమంది ఆడవాళ్లకు వేరే రూపంలో అందించింది.

మీ ఇంటి గాజుతొట్టిలో

బోస్ గమనించినవి దగ్గర పెట్టుకుంటే తొట్టిలో మొక్కలు బతికించుకోవటం కష్టమేం కాదు.

వెలుతురు: రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. కిటికీ పక్క వెలుతురు సరిపోకపోతే తొట్టి మీద ట్యూబులైటు పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడితే నీళ్లు వేడెక్కి, గాజుకు పాచి పడుతుంది.

నీళ్లు: కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయండి, క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లకు గిన్నెలు తెల్లగా సున్నం కడుతున్నాయా? దిగులు పడకండి. హైడ్రిల్లా, రిబ్బనులాంటి ఆకుల వాలిస్నేరియా ఆ నీళ్లలోని బైకార్బనేటును కూడా వాడుకోగలవు. ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే జబ్బు అనుకోవద్దు. అది సున్నమే.

నాటటం: ఏటి ఇసుక నాలుగైదు సార్లు కడిగి రెండంగుళాలు పరవండి. కొమ్మల కింది ఆకులు గిల్లేసి, ఐదారు కలిపి గుచ్చి, చిన్న రాయి ఆనించండి. కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు, సీసం ముక్క తీసేయటం మరచిపోవద్దు. కాడ కుళ్లేది అక్కడే.

శుభ్రం: చెరువు నుంచి తెచ్చిన కొమ్మల్ని లేత గులాబీ రంగు పర్మాంగనేటు నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్లలో జాడించండి. జలగలు, తూనీగ పిల్లపురుగులు చేపల మధ్యకు రాకుండా ఉంటాయి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి. తీసిన నీళ్లు మల్లెచెట్టుకు ఎరువే.

చేపలు: చేపల వ్యర్థాలే మొక్కలకు ఆహారం. అయితే రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. కిక్కిరిసిన తొట్టిలో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, చేపలు తగ్గించండి, లేదా రాత్రంతా గాలి పంపు నడపండి.

పెరిగిపోతే: ఎక్కువైన కొమ్మలు కత్తిరించి ఎండబెట్టి పాదుల్లో వేయండి. దుకాణంలో కొన్న మొక్కల్ని మాత్రం చెరువులో, కాలవలో పడేయకండి. అందం కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువుల్ని ఎలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాం. మన హైడ్రిల్లా కూడా చేపలతొట్ల వ్యాపారంతో 1950ల్లో ఫ్లోరిడా చేరి అక్కడి కాలవల్ని పూడ్చేసింది.

సెలవురోజు పిల్లల్ని తొట్టి ముందు కూచోబెట్టండి. ఒక కొమ్మ చివర తుంచి, నిమిషానికి ఎన్ని బుడగలొస్తున్నాయో లెక్కపెట్టమనండి. దీపం దగ్గరికి జరిపి ఒకసారి, దూరం జరిపి ఒకసారి. లెక్క మారటం వాళ్లే కనిపెడతారు. బోస్ పేరు అప్పుడు చెప్పండి.