గున్‌పే యోకోయి జీవితము

ఆట బాలురకు వినోదము. దానిని కల్పించి లోకమునకు అందించువారికి అది పరిశ్రమ. ఏటేట వందలకొలది ఆటలు పుట్టుచుండును. వానిలో హెచ్చుభాగము మరుసటి యేటికే మరపున పడిపోవును. తరములు మారినను ఆదరము తరుగక, ఒక భాగము వెంట వేరొక భాగముగా సాగిపోవు ఆటలు మిక్కిలి కొద్ది. అట్టి ఆటలకు మూలమేమి? విస్తారమైన ధనమా? అందరికంటె క్రొత్తదగు యంత్రమా? జపాను దేశీయుడైన గున్‌పే యోకోయి జీవితమును పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

ఈతడు 1941వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరమున జన్మించెను. ఆ నగరమందలి దోషిషా విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్ శాస్త్రము నభ్యసించి పట్టము పొందెను. 1965లో నింటెండో అను సంస్థయందు ఉద్యోగమున ప్రవేశించెను. నేడు ఆ పేరు వినగానే వీడియో ఆటలు జ్ఞప్తికి వచ్చును గాని, అప్పుడది పేకముక్కల సంస్థ. ఫుసాజిరో యామావుచి అనునాతడు 1889లో దానిని స్థాపించి, పుష్పముల చిత్రములుగల హనఫుదా అను జపాను పేకముక్కలను తయారుచేయించెను. ఆ ముక్కలను తయారుచేయు యంత్రములను తనిఖీచేసి మరమ్మతు చేయుటయే యోకోయికి లభించిన పని.

అది గొప్ప కొలువు కాదు. అయినను ఆతని చేతులు ఊరకుండలేదు. తీరిక వేళలందు కొన్ని పట్టీలను అడ్డదిడ్డముగా కూర్చి, పిడులను నొక్కగానే ముందునకు సాగి దూరమందున్న వస్తువును పట్టుకొను పటకారు వంటి బొమ్మ నొకదానిని చేసికొనెను. సంస్థాధిపతియగు హిరోషి యామావుచి దానిని చూచెను. పనివేళ వృథా చేసినాడని మందలించుటకు మారుగా, దానినే అమ్మకపు వస్తువుగా సిద్ధపరచుమని ఆజ్ఞాపించెను. అల్ట్రా హ్యాండ్ అను పేర 1966లో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు మించి అమ్ముడుపోయెను. యంత్రములకు నూనె వేయుచుండిన యువకుడు నాటినుండి క్రొత్త వస్తువులను కల్పించు పనిలో నియమింపబడెను.

ఆతని పద్ధతి విలక్షణమైనది. అప్పుడే పుట్టిన క్రొత్త సాధనము వెల హెచ్చు. దాని గుణదోషములు ఎవరికిని పూర్తిగా తెలియవు. చిరకాలము వాడుకలో నుండి చౌకయైన సాధనము నమ్మదగినది. అట్టి దానిని ఎవరును తలపని పనికి వినియోగించుటయే నేర్పని యోకోయి భావించెను. సూర్యకాంతినుండి విద్యుత్తును పుట్టించు సెల్లులు అప్పటికే అందరెరిగిన వస్తువు. ఆతడు వానిని విద్యుత్తుకొరకు గాక, ఆట తుపాకినుండి వెలువడిన కాంతిని గుర్తించు గురిగా వాడి, 1970లో ఒక క్రొత్త ఆటబొమ్మను వెలయించెను. వస్తువు పాతది, ఉపయోగము క్రొత్తది. ఆతని జీవితమందలి పెక్కు విజయములకు ఇదియే బీజము.

ఒకనాడు రైలు ప్రయాణమున ఒక ఉద్యోగి ప్రొద్దుపుచ్చుటకై చేతిలోని కాల్‌క్యులేటరు మీటలను ఊరక నొక్కుచుండుట యోకోయి కంటబడెను. కాల్‌క్యులేటర్లు చేయు సంస్థల పోటీవలన, అంకెలను చూపు ఎల్.సి.డి. పలకలు అప్పటికి చౌకబడి యుండెను. ఆ పలకపై అంకెలకు మారుగా బొమ్మలు కదలినచో అరచేతిలో ఇముడు ఆట యగునుగదా యని ఆతనికి తోచెను. ఆ తలంపు ఫలితముగా 1980లో గేమ్ అండ్ వాచ్ అను ఆటల వరుస ఆరంభమయ్యెను. గడియారముగా కూడ పనికివచ్చు ఈ చిన్న యంత్రములు ప్రపంచమంతట 4 కోట్లకు మించి అమ్ముడుపోయినవి.

ఈ వరుసలోనే, 1982లో వెలువడిన డాంకీ కాంగ్ అను ఆటకు బొమ్మను నాలుగు దిక్కులకు నడుపు సాధనము కావలసివచ్చెను. నిలువుగా లేచియుండు పిడి అమర్చినచో యంత్రము జేబులో పట్టదు. అందుచేత యోకోయి కూడిక గుర్తును పోలిన చదునైన మీటను కల్పించెను. బొటనవ్రేలితో నొక్కినంతనే దిక్కు తెలియును, కంటితో చూడనక్కరలేదు. ఆ చిన్న మీట పిదప వచ్చిన ఆటయంత్రములలో అనేకములకు ఆదర్శమయ్యెను.

ఆటలు నిలుచుటకు యంత్రము మాత్రమే చాలదు. ఆటగాడు తనవానిగా ఎంచుకొను పాత్ర యొకటి కావలెను. అమెరికాకు పంపిన రేడార్ స్కోప్ అను ఆటయంత్రములు పెక్కులు అమ్ముడుపోక నిలిచిపోగా, వానిని క్రొత్త ఆటకు మార్చు పని షిగేరు మియామోటో అను యువ చిత్రకారునకు అప్పగింపబడెను. పర్యవేక్షణ భారము యోకోయిది. అట్లు 1981లో డాంకీ కాంగ్ మొదటి రూపమున పుట్టెను. అందు పీపాలమీదుగా దుమికిన వడ్రంగియే తరువాత మారియో అను పేర జగత్ప్రసిద్ధుడయ్యెను. 1983లో వెలువడిన మారియో బ్రదర్స్ అను ఆటకై ఇరువురును కలసి పనిచేసిరి. 1986లో యోకోయి విభాగమునుండియే మెట్రాయిడ్ వెలువడెను. ఆ వరుసలో 2021లో సయితము క్రొత్త ఆట వచ్చినది. తాను ముందు నిలువక, చిన్నవారికి అవకాశమిచ్చి వెనుకనుండి నడుపుట ఈతని సుగుణము.

ఈతని కృషికి శిఖరము గేమ్ బాయ్. 1989 ఏప్రిల్ 21వ తేదీన జపానులో విడుదలయైన ఈ చేతి యంత్రమునకు రంగులు లేవు. నాలుగు ఛాయలు మాత్రమే కలవు. ఆ యేడే అటారీ సంస్థయు, మరుసటి యేడు సేగా సంస్థయు వన్నెవన్నెల తెరలుగల యంత్రములను తెచ్చినవి. చూచువారు గేమ్ బాయ్ ఓడిపోవుననియే యెంతురు. కాని సేగా యంత్రము ఆరు బ్యాటరీలను కొలది గంటలలో హరించివేయుచుండగా, గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో అంతకు ఎన్నోరెట్ల కాలము ఆడుచుండెను. వెల తక్కువ, క్రింద పడినను తేలికగా చెడదు. కొనగలిగినవారు హెచ్చుకొలది దానికై ఆటలు చేయువారును హెచ్చిరి. ఆటలు హెచ్చుకొలది కొనువారు ఇంకను హెచ్చిరి. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన టెట్రిస్ అను ఆట దీనితో చేరి, పెద్దలను సయితము ఆకర్షించెను. గేమ్ బాయ్, దాని తరువాతిదగు రంగుల గేమ్ బాయ్ కలసి 11 కోట్ల 80 లక్షలకు మించి అమ్ముడుపోయినవి. ఆ రంగుల యంత్రము 1998లో వచ్చినప్పుడు పాత ఆటలును దానిపై ఆడుచుండెను. కావున నిన్నటి ఆటగాడు నేడు పరాయివాడు కాలేదు.

రెండు యంత్రములను తీగతో కలిపి ఇరువురు ఆడుకొను ఏర్పాటు కూడ గేమ్ బాయ్‌లో నుండెను. బాల్యమున పురుగులను సేకరించుటయందు ఆసక్తిగల సతోషి తాజిరి అనునాతడు ఆ తీగను చూచి, ప్రాణులు దాని గుండా ఒక యంత్రమునుండి వేరొకదానికి ప్రయాణించుచున్నట్లు ఊహించెను. అందుండి 1996 ఫిబ్రవరిలో పోకెమాన్ పుట్టెను. ఏడేండ్ల పాతదైన యంత్రముపై పుట్టిన ఈ ఆట నేటికిని క్రొత్త భాగములతో సాగుచున్నది.

అయినను యోకోయి జీవితమున పరాజయము లేకపోలేదు. 1995లో ఆతడు వర్చువల్ బాయ్ అను యంత్రమును వెలువరించెను. అందు ముఖముంచి చూచినచో బొమ్మలు లోతుగలవిగా తోచును. చౌకయని ఎఱ్ఱని దీపములను మాత్రమే వాడుటచే, నలుపుపై ఎరుపు తప్ప వేరు వర్ణము కనబడదు. కన్నులు అలసిపోవుచున్నవని పలువురు చెప్పిరి. ఒకడు ఆడుచుండగా ప్రక్కవానికేమియు కనబడదు. దానికై వచ్చిన ఆటలు 22 మాత్రమే. సుమారు 7 లక్షల 70 వేల యంత్రములు అమ్ముడుపోవుసరికి దాని తయారీ నిలిచిపోయెను. చౌక సాధనమును నమ్ముకొనినవాడే ఇచ్చట ఓడిపోయెను. కావున చౌకదనము మార్గమే గాని గమ్యము కాదు. ఆడువానికి సుఖమును, ఆటకు రుచియు లేనిచో ఏ పద్ధతియు రక్షింపజాలదు.

ఈ అపజయముతో ఆతడు క్రుంగిపోలేదు. గేమ్ బాయ్‌ను మరింత చిన్నదిగా జేసి 1996లో లోకమునకందించి, ఆ యేడు ఆగస్టులో, 31 సంవత్సరముల సేవానంతరము, నింటెండోను విడిచెను. పిదప కోటో అను స్వంత సంస్థను స్థాపించి, బందాయ్ సంస్థకై వండర్‌స్వాన్ అను క్రొత్త చేతి యంత్రపు రూపకల్పనకు పూనుకొనెను. అది ఒకే బ్యాటరీతో దీర్ఘకాలము నడుచునది. కాని దాని విడుదలను చూచు భాగ్యము ఆతనికి లేకపోయెను. 1997 అక్టోబరు 4వ తేదీన ఇషికావా ప్రాంతపు రహదారిపై స్వల్పమైన ప్రమాదము జరుగగా, కారు దిగిన యోకోయిని వేరొక కారు ఢీకొనెను. 56వ యేట ఆతడు కాలధర్మము నొందెను. వండర్‌స్వాన్ 1999లో వెలువడినప్పుడు, దానితోపాటు వచ్చిన ఒక ఆటకు ఆతని స్మారకముగా గన్‌పే అని పేరిడిరి.

బాలబాలికలారా! యోకోయికి తొలుత దొరకినవి పాత యంత్రములు, పేకముక్కలు, తీరిక గడియలు. వానినే ఆతడు పెట్టుబడిగా చేసికొనెను. చేతనున్న సామాన్య వస్తువును చక్కగా నెరిగి, దానిని వేరొక ప్రక్కనుండి చూచి, ఇతరుల ఆనందమునకై వినియోగించెను. ఆతడు నాటిన ఆటలను ఇతరులు పెంచిరి. ఆతడు పోయినను అవి పెరుగుచునే యున్నవి. మన బల్లపై పాతబడి పడియున్న వస్తువును తృణీకరించుటకు ముందు, అది ఇంకేమి కాగలదో ఒక్కమారు యోచింతము.