శిష్యుడైన గురువు: గిడుగు రామమూర్తి పంతులుగారు

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు.

అక్కడి కొండలలోని సవరలకు బడి లేదు. వారికి చదువు చెప్పాలంటే ముందు తానే వారి శిష్యుడు కావాలని పంతులుగారు గ్రహించారు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట ఉంచుకొని, మన్యంలో తిరిగి, విన్నది వ్రాసుకొని, ఆలోచించి నియమాలు తీశారు. మన్యపు జ్వరానికి పుచ్చుకొన్న క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. చెవితో భాష నేర్చేవారికి అదెంత నష్టం! అయినా మానలేదు. సవర భాషలో పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి నడపమన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

తెలుగు పిల్లలకూ వాడుక మాటలోనే చదువు చెప్పాలని జీవితాంతం పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా మన రాజమహేంద్రవరం వచ్చి స్థిరపడ్డారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మన పిల్లలచేత పాఠం వల్లె వేయించేముందు, వారి మాట మనం విన్నామా?