డెల్టా దగ్గుకు మందిచ్చిన మనిషి

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే ఎవరికైనా ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, కేన్సరు మందులు గుర్తుకొస్తాయి. విజయవాడలో ఛాతీ వైద్యం నేర్చుకున్నవాణ్ణి కనుక నాకు మాత్రం ముందు గుర్తుకొచ్చేది ఒక దగ్గు. ఆయన ఎన్నడూ ఊపిరితిత్తుల వైద్యుడుగా పనిచేయలేదు. అయినా మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో తెల్లవార్లూ దగ్గుతూ కూర్చునే ఒక రకం రోగులకు ఆయన చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదటి నుంచీ మెరిసిన మనిషేం కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. దొర ప్రొఫెసరుకు అది గిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఈలోగా ఇంట్లో అన్నా తమ్ముడూ స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో రోజుల తేడాలో పోయారు. అదే జబ్బు ఆయన్నూ పట్టి వదిలింది.

1922లో బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు, పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో పనివాడి ఉద్యోగం. డిప్లొమా వచ్చాక ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాస్త్రంలో దిగారు. శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వీరిద్దరూ ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.ల మీద వారి పని ఆ తర్వాతది. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా అంటుకుంది. మనవాళ్లు బోదకాలు అనే జబ్బే అది. సుబ్బారావు గారి బృందం ఎన్నో రసాయనాలను పరీక్షించి, 1947 నాటికి డైఇథైల్ కార్బమజీన్‌ను తేల్చింది. హెట్రజాన్ పేరుతో బజారులోకి వచ్చింది. రక్తంలో తిరిగే ఫైలేరియా పురుగు పిల్లల్ని అది బాగా చంపుతుంది. మరుసటి ఏడే, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు.

కథ అక్కడితో అయిపోలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే ఇద్దరు వైద్యులు 1940లోనే ఒక వింత జబ్బును వర్ణించి ఉన్నారు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రేలో మచ్చలు. చూస్తే అచ్చం క్షయే, కాని క్షయ కాదు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా ఉన్నాయి. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరు పెట్టి, ఆర్సెనిక్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. గుణం కనిపించింది కాని అది విషంతో చెలగాటం. 1950ల్లో వైద్యులు హెట్రజాన్ ఇచ్చి చూస్తే రోగులు తేరుకున్నారు. 1960లో వేలూరు వైద్యులు రోగుల ఊపిరితిత్తుల్లోనే ఫైలేరియా పిల్లల్ని చూపించారు. రక్తంలో దొరకని దొంగ అక్కడ దాక్కున్నాడన్నమాట! దోమకాటుతో ఒంట్లో చేరి పెరిగిన పురుగులు కన్న పిల్లలు ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో చిక్కుకుంటే, కొందరి శరీరం వాటి మీద అతిగా తిరగబడుతుంది. ఆ తిరుగుబాటే దగ్గు, ఆయాసం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. బందరు, ఏలూరు, రైవస్ కాలువల నడుమ పెరిగిన ఊరు మనది. కాలువల సంగతి ఎలా ఉన్నా, మురుగు నిలిచినచోటల్లా ఆ దోమ పుడుతుంది. బోదకాలు అన్న మాట తెలియని పల్లె ఈ డెల్టాలో ఉండదు. దగ్గుతో వచ్చిన మనిషికి కళ్లెలో క్షయ క్రిములు లేకున్నా, ఎక్స్‌రే మచ్చలు చూసి నెలల తరబడి క్షయ మందులు మింగిస్తే ఏమవుతుంది? డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. వైద్యం అందక ఏళ్లు గడిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఒక్క రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ మూడువేలు దాటాయని తేలితే, సరైన రోగనిర్ణయంతో 21 రోజుల బిళ్లలు చాలామందికి ఊపిరి తిప్పుతాయి. ఆ బిళ్లే సుబ్బారావు గారిది. 2004 నుంచి మన దేశంలో ఫైలేరియా నిర్మూలనకు ఊరూరా పంచుతూ వచ్చిందీ అదే.

నన్ను ఆలోచనలో పడేసేది ఇది. ఆయన సైనికుల కాళ్ల కోసం వెతికిన మందు మన ఊపిరితిత్తులకు పనికొస్తుందని ఆయనకు తెలియనే తెలియదు. స్ప్రూ రక్తహీనతకు పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లం తయారయ్యేసరికి అన్నదమ్ములు పోయి ఇరవై ఏళ్లు దాటింది. భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది, ఆయన స్వదేశం మళ్లీ చూడలేదు. తన పేరున తపాలా బిళ్ల వచ్చింది 1995లో, శతజయంతికి. పరిశోధన అంటే నాకేమొస్తుంది అని అడిగే విద్యార్థి మిత్రులకు నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ఫలితం ఎవరికి, ఎప్పుడు, ఏ రూపంలో చేరుతుందో చేసేవాడికి తెలియదు. భీమవరం కుర్రవాడు బోస్టన్‌లో నేర్చుకున్న విద్య బెజవాడ రోగికి రాత్రి నిద్రనిస్తోంది. మీరు రేపు వార్డులో నిలబడి క్షయ మందు రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఇసినోఫిల్స్ ఎన్నున్నాయో చూడండి. ఆయన రుణం తీర్చుకోవడానికి ఇంతకన్న మంచి మార్గం నాకు తోచడం లేదు.