కోఠీలో ఒక స్తంభం – షహీద్ తుర్రేబాజ్ ఖాన్

మన యిళ్ళల్లో ఏ కుర్రవాడైనా కాస్త బడాయి పోతే, వీడేదో పెద్ద తుర్రంఖాన్ అయినట్టు మాట్లాడుతున్నాడే అని నవ్వుకుంటాము. హిందువులూ, ముస్లింలూ, తెలుగువారూ, ఉర్దూవారూ అందరి నోటా వున్న మాటే యిది. తుర్రేబాజ్ ఖాన్ అనే వీరుని పేరే యిట్లా తుర్రంఖాన్‌గా మారిందని మన పెద్దలు చెబుతూ వుంటారు. ఎగతాళికి వాడుకునే ఆ పేరు గల మనిషి ఎవరో, ఏమి చేశారో మనలో ఎంతమందికి తెలుసు?

హైదరాబాదులో కోఠీ బస్‌స్టాప్ దగ్గర ఆయన జ్ఞాపకార్థం నిలిపిన స్తంభం వున్నది. ఆ పక్కనే ఆయన పేరిట ఒక రోడ్డు కూడా వున్నది. రోజూ వేలమంది బస్సు కోసం అక్కడ నిలబడతారు. స్తంభం వైపు తలెత్తి చూసేవారు మాత్రం తక్కువ.

తుర్రేబాజ్ ఖాన్ బేగంబజారు వాసి. ఆయన నవాబూ కాదు, జాగీర్దారూ కాదు. 1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. అదే నెలలో హైదరాబాదులో అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. దివాను మొదటి సాలార్‌జంగ్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. అయితే బస్తీలో జనం మనసు వేరుగా వుండెను.

అంతలో జమేదారు చీదా ఖాన్ బుల్దానా నుంచి కొద్దిమంది సిపాయిలతో హైదరాబాదు చేరుకున్నాడు. తిరుగుబాటుదారులతో పోరాడటం యిష్టం లేక వచ్చినవారు వీరు. ఆశ్రయం దొరుకుతుందనుకుంటే, దివాను వారిని పట్టించి ఇంగ్లీషు రెసిడెంటుకు అప్పగించారు. నమ్మి వచ్చినవారికి యిట్లా జరగటం నగరవాసులు సహించలేకపోయారు.

1857 జులై 17, శుక్రవారం. ఆనాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ యిద్దరూ ముందు నడవగా సుమారు 500 మంది రొహిల్లాలు, వారితో నగర జనం, సాయంకాలం రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. ఖైదీలను విడిపించటమే వారి ఉద్దేశ్యం. అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనేవారి యిళ్ళు రెసిడెన్సీకి ఎదురుగా వుండేవి. ఆ యిళ్ళల్లో మాటు వేసి తుపాకులు పేల్చారు. అయితే దివాను ముందుగానే రెసిడెంటు డేవిడ్‌సన్‌కు కబురు పంపించి వున్నారు. లోపల మద్రాసు ఫిరంగి దళం సిద్ధంగా వున్నది. ఫిరంగుల ముందు నాటు తుపాకులు ఎంతసేపు ఆగుతాయి? అయినా తెల్లవారుజాము దాకా పోరాడి, చీకటిలోనే వెనుదిరిగారు. చీదా ఖాన్‌ను విడిపించలేకపోయారు.

కొద్ది రోజులకే తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డారు. మౌల్వీ సాహెబ్ ఎక్కడ దాగి వున్నదీ చెప్పమని విచారణలో ఎంత అడిగినా ఆయన నోరు విప్పలేదు. మన పిల్లలకు చెప్పవలసినది ముఖ్యంగా యిది. తుపాకి పట్టటం కంటె, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తోటివాని గుట్టు కాపాడటం కష్టం. ఆయనకు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది.

అండమాను పంపేలోగానే, 1859 జనవరి 18న ఆయన ఖైదు నుంచి తప్పించుకుపోయారు. పట్టి యిచ్చినవారికి 5000 రూపాయలు యినాము ప్రకటించారు. ఆ రోజుల్లో అది మామూలు మొత్తమా! ఆరు రోజులు గడవకముందే, జనవరి 24న, తూప్రాన్ దగ్గర అడవిలో ఖుర్బాన్ అలీ బేగ్ అనే అధికారి మనుషులు ఆయనను కాల్చి చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి, అందరూ చూసి భయపడాలని బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్ కూడా తరువాత పట్టుబడి, అండమానులో ఖైదీగానే కన్నుమూశారు.

యీ కథలో చంపించినవారూ మనవారే, చనిపోయినవారూ మనవారే. అందుకేనేమో చాలాకాలం యీ సంగతి బాహాటంగా చెప్పుకోలేదు. పేరు మాత్రం జనం నాలుక మీద నిలిచింది, అదీ పరిహాసంగా.

ఆయన దాడి చేసిన రెసిడెన్సీ భవనంలోకే దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మహిళా కళాశాల వచ్చింది. నేడది విశ్వవిద్యాలయం కూడా అయింది. ఒకనాడు ఫిరంగులు పేలినచోట మన ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

సోదరులారా, అమ్మలారా! కోఠీలో పుస్తకాలు కొనడానికో, బట్టలు కొనడానికో పిల్లలతో వెళ్ళినప్పుడు అయిదు నిమిషాలు ఆ స్తంభం దగ్గర ఆగండి. అక్కడ వ్రాసి వున్నది వారిచేత చదివించండి. యింటికి వచ్చాక తూప్రాన్ అడవి సంగతి చెప్పండి. ఆ తరువాత వాళ్ళు ఎవరినైనా తుర్రంఖాన్ అని పిలిస్తే, అది తిట్టు కాకుండా మెప్పు కావాలి.